పొదుగువాపు పక్కింటి ఆవు నుంచి ఎలా వస్తుంది?

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపున్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల ఊళ్లలో పాడి అంటే పెద్ద డెయిరీ ఫారాలు కావు. ఇంటికి ఒక ఆవు, మహా అయితే మూడు. ఎక్కువగా జెర్సీ క్రాసులు, అక్కడక్కడ నాటు ఆవులు, గేదెలు. పొద్దున్నా సాయంత్రం పాలు పితికి కేంద్రానికి పోస్తే పదిరోజులకోసారి చేతిలో పడే డబ్బుతో పిల్లల ఫీజులు, కిరాణా బాకీలు గడుస్తాయి. అలాంటి ఇంట్లో ఆవుకి పొదుగు వాస్తే మొదట వినపడే మాట ఇదే: "నిన్నటిదాకా బాగానే ఇచ్చింది బాబూ. రాత్రికి రాత్రే ఏటయ్యిందో తెల్దు. దిష్టి తగిలినట్టుంది."

అబద్ధమేమీ లేదు ఆ మాటలో. నిన్న సాయంత్రం దాకా ఆవు మామూలుగానే మేసింది, మామూలుగానే చేపింది. కానీ చాలాసార్లు జబ్బు అంతకు కొన్ని వారాల ముందే పొదుగులోకి చేరి ఉంటుంది. ఎక్కడి నుంచి చేరిందంటే, చాలామంది నేల వైపు, పేడ వైపు చూస్తారు. కొందరు మేతను తప్పుపడతారు. అంటురకం పొదుగువాపు విషయంలో చూడాల్సింది మరోవైపు: ఇంకో ఆవు పొదుగు వైపు, ఆ పొదుగుకీ ఈ పొదుగుకీ మధ్య తిరిగే చేతుల వైపు. ఇంటికొక్క ఆవే ఉన్నా, వీధిలో పది ఆవుల్ని ఒకే మనిషి పితుకుతుంటే ఆ వీధంతా ఒకే మంద కింద లెక్క. ఈ సంగతి ఊళ్లకి చేరలేదు. మన పొదుగువాపు సమస్య సగం అక్కడే ఉందని నా నమ్మకం.

రెండు రకాలు, రెండు దారులు

పొదుగువాపు తెచ్చే క్రిములు చాలా ఉన్నాయి. వాటిని వచ్చే దారిని బట్టి రెండు గుంపులుగా చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి గుంపు పరిసరాల్లో ఉంటుంది. పేడలో, బురదలో, తడిసిన గడ్డిలో బతికే ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటివి ఇందులోవి. ఆవు తడినేల మీద పడుకున్నప్పుడు చన్నుమొన నుంచి లోపలికి పోతాయి. వానాకాలంలో ఇవి ఎక్కువ. తరచుగా ఒక్కరోజులోనే జ్వరం, వాపు, నీళ్లలాంటి పాలు కనిపిస్తాయి. రైతు వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాడు.

రెండోది అంటురకం. స్టెఫైలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అగలాక్షియే, మైకోప్లాస్మా బోవిస్ ఇందులో ముఖ్యమైనవి. వీటి అసలు కాపురం జబ్బు ఉన్న ఆవు పొదుగులోనే. స్టెఫైలోకాకస్ అయితే చన్నుల మీది పగుళ్లలో, పుండ్లలో, మనుషుల చేతుల మీద కూడా ఉంటుంది. ఇవి ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి చేరే సమయం ప్రధానంగా ఒక్కటే: పాలు పితికే వేళ.

ఆవు పొదుగు బయటికి ఒకటే కనిపించినా లోపల నాలుగు గదులు. దేనికదే వేరు. ఒక గదిలోని పాలు పక్క గదిలోకి పోవు. మరి ఒక చన్నులో మొదలైన జబ్బు నెల తిరక్కుండా రెండో చన్నుకి ఎలా పాకుతుంది? చాలావరకు పితికే చేతి మీదుగానే. ఒకే ఆవులో ఒక చన్ను నుంచి ఇంకో చన్నుకి చేరగలిగింది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరడంలో వింతేముంది?

పైకి కనపడనిదే ప్రమాదం

అంటురకంలో గడ్డలు గడ్డలుగా పాలు, పొదుగు గట్టిపడడం, ఎర్రబడడం లాంటివి కనిపించే కేసులు కొన్నే. మిగతావన్నీ లోలోపల నడుస్తాయి. పాలు తెల్లగానే ఉంటాయి, ఆవు హుషారుగానే ఉంటుంది. లోపల మాత్రం క్రిములతో పోరాడడానికి రక్తంలోంచి తెల్లకణాలు పొదుగులోకి వచ్చి పడుతుంటాయి. ఆరోగ్యంగా ఉన్న పొదుగు పాలల్లో ఒక్కో మిల్లీలీటరుకి ఈ కణాలు సాధారణంగా లక్ష లోపే ఉంటాయి. రెండు లక్షలు దాటితే లోపల ఇన్‌ఫెక్షన్ ఉందని అనుమానించాలి.

పాలు తయారు చేసే కణజాలం దెబ్బతినే కొద్దీ దిగుబడి తగ్గుతుంది. పాలలో లాక్టోజ్ తగ్గి, ఉప్పు పెరుగుతుంది. నాలిక మీద వేసుకుంటే కొంచెం ఉప్పగా అనిపించే పాలు ఇవే. పాల కేంద్రంలో వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) చూసి డబ్బులిస్తారు కాబట్టి ఈ మార్పు నేరుగా రేటు మీద పడుతుంది. ఎస్ఎన్ఎఫ్ ఎందుకు పడిపోయిందో తెలియక కేంద్రంలో మిషను తప్పని గొడవలు పడడం మా వైపు మామూలే. మేత తగ్గినా, నీళ్లు కలిసినా ఎస్ఎన్ఎఫ్ తగ్గుతుంది, నిజమే. మేత మారకుండా, నీళ్లు కలపకుండా ఒక ఆవు పాలకే రేటు పడిపోతుంటే ఆ ఆవు నాలుగు చన్నుల్నీ విడివిడిగా పరీక్షించాల్సిందే.

ఇలా లోలోపల జబ్బుతో ఉన్న ఆవే వీధి మొత్తానికి అంటించేది. పొదుగు వాచి కనపడిన ఆవుని ఎలాగూ అందరూ జాగ్రత్తగా చూస్తారు. బాగున్నట్టు కనపడే ఆవుని ఎవరూ అనుమానించరు. పొద్దున్నే మొదట దాన్నే పితికి, అదే చేత్తో పక్క ఆవు దగ్గర కూర్చుంటారు.

తెల్లవారుజామున పితికే మనిషి

పితికే పని దగ్గరుండి చూస్తే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. ఇంకా చీకటి ఉండగానే అతను సైకిలు మీద వస్తాడు. భుజం మీద తువ్వాలు, చిన్న సీసాలో నూనె. ఇంటావిడ బకెట్‌లో నీళ్లు, ఒక గుడ్డపేలిక పెట్టి ఉంచుతుంది. దూడని వదిలి, ఆవు చేపగానే లాగి పక్కన కట్టేస్తాడు. బకెట్‌లో గుడ్డ ముంచి పొదుగంతా తుడుస్తాడు. తుడిచిన నీళ్లు పొదుగు మీది మురికిని పట్టుకుని కిందికి జారి సరిగ్గా చన్నుమొనల దగ్గర ఆగుతాయి. వేళ్లకి కాస్త నూనె రాసుకుని, లేదంటే మొదటి ధార చేతి మీదే పోసుకుని తడి చేత్తో పితకడం మొదలుపెడతాడు. బొటనవేలు మడిచి, కణుపుతో చన్నుని నొక్కి లాగుతాడు. పావుగంటలో పని అయిపోతుంది. చెయ్యి తువ్వాలుతో తుడుచుకుని పక్కింటికి వెళతాడు. అదే తువ్వాలు, అదే నూనె సీసా.

ఇందులో ఒక్కో అడుగూ ఒక్కో ప్రమాదం. ఒకే గుడ్డతో రెండు ఆవుల్ని తుడిస్తే మొదటి ఆవు క్రిములు రెండోదానికి చేరినట్టే. తడి చెయ్యి పొడి చెయ్యి కంటే క్రిముల్ని బాగా మోస్తుంది. చేతి మీద పోసుకున్న మొదటి ధారలోనే కణాలు, క్రిములు ఎక్కువగా ఉంటాయి. బొటనవేలు మడిచి పితికితే చన్ను లోపలి పొర నలిగి, కాలం గడిచేకొద్దీ మందమవుతుంది. దెబ్బతిన్న చోట స్టెఫైలోకాకస్ తేలిగ్గా పాతుకుంటుంది. నాలుగు వేళ్లూ అరచెయ్యీ కలిపి గుప్పిట పట్టి పితకడం చన్నుకి మంచిది. చిన్న చన్నులున్న నాటు ఆవుకి గుప్పిట పట్టదు, అది వేరే సంగతి. జెర్సీ క్రాసులకైతే చాలావాటికి పడుతుంది.

నేను ఇదంతా పితికే మనిషి మీద తప్పు మోపడానికి చెప్పడం లేదు. అతనికి ఆవుకింత అని నెలకి ఇస్తారు. పాల కేంద్రం మూసేలోపు అన్ని ఇళ్లూ ముగించాలి. ప్రతి ఇంట్లో సబ్బుతో చేతులు కడుక్కునే సమయం, సదుపాయం ఎవరూ అతనికి ఇవ్వలేదు. కాబట్టి మార్పు ఇంటివాళ్ల దగ్గర మొదలవ్వాలి. శాల గుమ్మం దగ్గర సబ్బు, మగ్గు, శుభ్రమైన పొడి గుడ్డ ఎవరిది వాళ్లే పెట్టాలి. పాత నూలు చీర చింపి ఆవుకొక ముక్క కేటాయించి, రోజూ వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. నూనె సీసా ఇంటింటికీ తిరగకూడదు. అసలు నూనె లేకుండా పొడి చేత్తో పితికితే ఇంకా మంచిది.

కొందరు చిన్న మిల్కింగ్ మిషన్లు కొంటున్నారు. చెయ్యి తగలదు కాబట్టి జబ్బు రాదనుకోవడం పొరపాటు. చన్నుకి తొడిగే రబ్బరు లైనర్ కూడా ఒక చెయ్యే. కడగకుండా ఒక ఆవుది తీసి ఇంకో ఆవుకి తొడిగినా, పాతబడి పగిలిన లైనర్లు వాడినా ప్రమాదం అంతే.

పితికాక వచ్చే అరగంట

చన్ను చివర ఉండే సన్నటి రంధ్రం చుట్టూ కండరం ఉంటుంది. మామూలుగా అది బిగుసుకుని ఉంటుంది. పితికిన వెంటనే వదులుగా ఉండి, మళ్లీ పూర్తిగా బిగుసుకోవడానికి కనీసం అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే చన్ను మీద పాల పొర, అందులో చేతుల నుంచి అంటిన క్రిములు ఉంటాయి.

1960లలో ఇంగ్లండ్‌లోని రెడింగ్ దగ్గర నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ రిసెర్చ్ ఇన్ డెయిరీయింగ్‌లో ఎఫ్.కె. నీవ్, ఎఫ్.హెచ్. డాడ్ బృందం పనిచేసింది ఈ విషయం మీదే. పితికిన వెంటనే ప్రతి చన్నునీ క్రిమిసంహారక ద్రావణంలో ముంచడం, వట్టిపోయేటప్పుడు ఆవుకి మందు పెట్టడం, జబ్బు కనపడిన ఆవుకి సరైన వైద్యం, ఎంతకీ నయంకాని ఆవుని మందలోంచి తీసేయడం, మిషను బాగోగులు చూసుకోవడం అనే ఐదు అంశాల పద్ధతి అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది. వీటిలో మన ఊళ్లలో అందరికీ అందుబాటులో ఉన్నది మొదటిదే. 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో చర్మం పగలకుండా కొంచెం గ్లిజరిన్ కలిపి, చిన్న కప్పులో పోసి చన్నుని ముంచి తీయాలి. ఈ ఒక్క పనితోనే కొత్తగా వచ్చే అంటు ఇన్‌ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గుతాయి. ఉన్న జబ్బుని మాత్రం ఇది నయం చేయదు. "వారం ముంచాం, ఏం మారలేదు" అని మానేసేవాళ్లు ఎక్కువ. దీని ఫలితం నెలల మీద తెలుస్తుంది. ఇంకో జాగ్రత్త: ఒక ఆవుకి ముంచిన కప్పులో మిగిలిన ద్రావణం మళ్లీ సీసాలో పోయకూడదు.

పితికిన వెంటనే ఆవు ముందు పచ్చగడ్డో కుడితో పెడితే అది నిలబడే ఉంటుంది. చన్నురంధ్రం బిగుసుకునేలోపు తడినేల మీద పడుకోదు. ఖర్చు లేని పని ఇది.

ఏ ఆవుకి ఎక్కువ ప్రమాదం?

ఈతలు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. నాలుగైదు ఈతలు దాటిన ఆవుకి చన్నురంధ్రం కండరం వదులవుతుంది. అన్నేళ్లుగా ఎన్నో చేతులు దాని పొదుగు మీద పడి ఉంటాయి. పొదుగు మోకాళ్ల కిందికి వేలాడే ఆవులు, చన్నులు మరీ పొడవుగా ఉన్నవి, తేలిగ్గా ధార వచ్చే మెత్తటి చన్నులున్నవి కూడా జాగ్రత్తగా చూసుకోవాల్సినవే. పాలు ఎక్కువిచ్చే క్రాసు ఆవుకి నాటు ఆవు కంటే, గేదె కంటే ముప్పు ఎక్కువ. గేదెకి చన్నురంధ్రం కండరం బాగా బిగువుగా ఉంటుంది. అలాగని గేదెలకి రాదని కాదు.

చన్ను మీద ఏ పుండు ఉన్నా స్టెఫైలోకాకస్‌కి అది ఇల్లే. గాలికుంటు, పొదుగు మీది పొక్కులు, దూడ పళ్లు దిగిన గాట్లు, ముళ్లకంచె గీతలు ఏవైనా సరే. 2019లో మన దేశంలో మొదట ఒడిశాలోనే గుర్తించిన లంపీ స్కిన్ జబ్బులో కూడా కొన్ని ఆవులకి చన్నుల మీద బుడిపెలు వచ్చి పుండ్లు పడతాయి. ఒంటి మీది బుడిపెలు మానినా పొదుగు మాట మరిచిపోవద్దు.

దూడ విషయంలో మాత్రం తేల్చి చెప్పడం కష్టం. పితికాక సొంత దూడ మిగిలిన పాలు తాగితే పొదుగు ఖాళీ అయి తల్లికి మేలే జరుగుతుందని చాలాచోట్ల గమనించారు. అదే దూడ రెండు మూడు ఆవుల దగ్గర తాగితే అంటించే దారి అవుతుంది. జబ్బు పొదుగు పాలు పారబొయ్యడం ఇష్టం లేక పెయ్యదూడకి పట్టడం ఇంకో అలవాటు. గుంపుగా కట్టేసిన దూడలు ఒకదాని పొదుగు ఒకటి చీకుతాయి. అలా ఇంకా ఈనని పెయ్య పొదుగులోకి కూడా క్రిములు చేరి, మొదటి ఈతలోనే ఒక చన్ను పనికిరాకుండా పోతుంది. ఈగలు పుండ్ల మీద వాలి వాలి ఇదే పని చేస్తాయి.

సంత నుంచి వచ్చే ఆవు

పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం కొద్ది కిలోమీటర్లే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీసిన గీత మనుషుల బంధుత్వాలనే ఆపలేదు, ఆవుల్ని ఏం ఆపుతుంది? శ్రీకాకుళం వైపు సంతలో కొన్న ఆవు మర్నాటికి గజపతి జిల్లాలో కట్టుగొయ్య దగ్గర ఉంటుంది. ఆవు చెవికి ఉండే పసుపు ట్యాగు మీది 12 అంకెల నంబరు రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. కానీ ఆ ట్యాగు చూస్తే పొదుగు లోపల ఏముందో తెలియదు.

అమ్మేవాడు సహజంగానే పొదుగు నిండుగా కనపడేట్టు పూటంతా పితక్కుండా తెస్తాడు. నిండుగా ఉన్న పొదుగులో గట్టిపడిన భాగం చేతికి తెలియదు. అందుకే కొనే ముందు నాలుగు చన్నులూ మీరే పితికించి చూడండి. ధార నాలుగింటికీ సమానంగా వస్తుందా, మొదటి ధారలో తునకలున్నాయా, పితికాక పొదుగు నాలుగు వైపులా ఒకేలా మెత్తబడిందా అని తడిమి చూడాలి. ఇంటికి తెచ్చాక పరీక్ష అయ్యేదాకా దాన్ని అన్నిటికన్నా చివర పితకాలి. కొత్త ఆవు రాకతో జబ్బు మొదలైన వీధులు చాలా ఉంటాయి. అందులో మైకోప్లాస్మా వస్తే మరీ కష్టం. దానికి కణగోడ ఉండదు కాబట్టి పెన్సిలిన్ జాతి మందులేవీ దాని మీద పనిచేయవు.

సర్ఫుతో పరీక్ష

1957లో అమెరికాలో షాల్మ్, నూర్లాండర్ అనే ఇద్దరు తయారు చేసిన కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్ (మాస్టైటిస్ అంటే పొదుగువాపే) ఇప్పటికీ పశువుల డాక్టర్లు వాడుతున్నారు. నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ పలకలో ఒక్కో చన్ను పాలు విడిగా పితికి, అంతే ద్రావణం పోసి తిప్పుతారు. కణాలు ఎక్కువగా ఉంటే గుడ్డు తెల్లసొనలా చిక్కబడుతుంది. ఆ కిట్ దొరక్కపోతే బట్టల సర్ఫుతో కూడా చేయొచ్చు. అర లీటరు నీళ్లలో 15 గ్రాముల సర్ఫు కలిపితే 3 శాతం ద్రావణం అవుతుంది. నాలుగు చిన్న గిన్నెల్లో పాలు, ద్రావణం సమానంగా పోసి నెమ్మదిగా తిప్పండి. మూడు గిన్నెలు పల్చగా ఉండి ఒకటి జిగురుగా సాగితే ఆ చన్నులో తేడా ఉన్నట్టే. ఈనిన మొదటి వారంలో జున్నుపాల మూలంగా, వట్టిపోయే ముందు పాలు బాగా తగ్గినప్పుడు కూడా జిగురు రావచ్చు. ఆ రోజుల్లో వచ్చిన ఫలితాన్ని నమ్మొద్దు. పరీక్ష చేసిన పాలు పారబోసి గిన్నెలు బాగా కడగాలి.

ఏ క్రిమి అన్నది మాత్రం ఈ పరీక్ష చెప్పదు. దానికి ల్యాబ్‌లో కల్చర్ చేయాలి, అంటే పాలలోని క్రిమిని పెంచి అదేదో గుర్తించాలి. ఎందుకంత అవసరమంటే, స్ట్రెప్టోకాకస్ అగలాక్షియే పెన్సిలిన్‌కి బాగా లొంగుతుంది, మొత్తం మందలోంచే తుడిచిపెట్టవచ్చు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అయితే కణజాలంలోపల చిన్న చిన్న చీముగడ్డలు కట్టి వాటి వెనక దాక్కుంటుంది. మందు అక్కడిదాకా చేరదు. ముసలి ఆవులో, ఎప్పటి నుంచో ఉన్న జబ్బులో నయమయ్యే అవకాశం ఇంకా తక్కువ. రెండు రోజులు పాలు బాగుపడి మళ్లీ గడ్డలు వస్తున్నాయంటే చాలాసార్లు ఇదే.

ఈ తేడా తెలియక మందుల షాపులో అడిగి కొన్న, చన్నులోకి ఎక్కించే మందు ట్యూబు పెట్టించడం మన దగ్గర మామూలైపోయింది. ఒక ట్యూబుని రెండు చన్నులకి పంచడం, దాని ముక్కుని ఒక ఆవుకి పెట్టి ఇంకో ఆవుకి పెట్టడం, పాలు రావడం లేదని చన్నులోకి పుల్లో గొట్టమో దూర్చడం ఇంకా ఘోరం. బయటి క్రిముల్ని, కొన్నిసార్లు మందుకి లొంగని బూజుజాతి క్రిముల్ని చేత్తో లోపలికి నెట్టడమే అది. మందు వాడిన ఆవు పాలు డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా కేంద్రానికి పోయకూడదు, ఇంట్లోనూ తాగకూడదు. కాచితే మందు పోదు. స్టెఫైలోకాకస్ విడిచే కొన్ని విషపదార్థాలు కూడా కాచినా పోవు.

కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరి పొదుగుకి పూసే పద్ధతిని జాతీయ పాడి అభివృద్ధి బోర్డు (ఎన్‌డీడీబీ) కూడా చెబుతోంది. వాపు మొదట్లో పూయడంలో అభ్యంతరం లేదు. కానీ అది పూస్తున్నాం కదా అని ఆ ఆవుని వరసలో మొదట పితికితే వీధికి ఉపయోగం ఉండదు. ఆవు మేత మానేసినా, ఒళ్లు కాలుతున్నా ఆగకుండా 1962కి ఫోన్ చేయండి. ఈ సంచార పశువైద్య నంబరు ఆంధ్రలోనూ ఒడిశాలోనూ ఒకటే. ఒడిశా వైపు లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్‌లో ఇన్‌స్పెక్టర్‌ని అడిగితే కల్చర్‌కి పాలు ఎలా తీయాలో చెబుతారు.

వరస మార్చండి

డబ్బు పెట్టకుండా రేపటి నుంచే మారగలిగింది పితికే వరస. మొదట తొలిచూలు ఆవులు, తర్వాత పరీక్షలో మంచివని తేలినవి, ఆ తర్వాత కొత్తగా కొన్నవి, అనుమానం ఉన్నవి, చివరగా జబ్బు ఉన్నవి. ఒకే ఆవులో కూడా జబ్బు చన్ను ఆఖర్న పితకాలి. వాటి పాలు విడి గిన్నెలోకి పోవాలి. నేల మీద ధార కొట్టకూడదు.

పితికే మనిషి తిరిగే ఇళ్లవాళ్లు ఒకసారి కూర్చుని ఇదే వరస వీధి మొత్తానికి వేసుకోవాలి. ఇక్కడే అసలు చిక్కు. "మా ఆవుని ఆఖర్న ఎందుకు పితుకుతున్నావ్?" అన్న మాట వస్తుంది. జబ్బు ఉందని తెలిస్తే అమ్ముడుపోదన్న భయం, పాలు ఎవరూ కొనరన్న టెన్షన్ ఉంటాయి. అందుకని నెలకోసారి అందరి ఆవులకీ ఒకే రోజు, అందరి ముందూ సర్ఫు పరీక్ష చేస్తే మంచిది. చాలాసార్లు ఒకటి కంటే ఎక్కువ ఇళ్లలో జిగురు వస్తుంది. అప్పుడు అది ఒక ఇంటి తప్పుగా మిగలదు. ఎంతకీ నయంకాని చన్నుని డాక్టరు సలహాతో ఎండబెట్టి మూడు చన్నులతో ఆవుని నడపొచ్చు. మంచి ఆవుకి మూడు చన్నులున్నా ఇల్లు గడుస్తుంది. వట్టిపోయే రోజున, అంటే ఈనడానికి రెండు నెలల ముందు, చివరిసారి పితికాక డాక్టరు చేత నాలుగు చన్నుల్లోనూ ఎక్కువకాలం పనిచేసే మందు పెట్టిస్తే, పాలిచ్చే రోజుల్లో లొంగని జబ్బు కూడా అప్పుడు నయమయ్యే అవకాశం ఎక్కువ. ఏ ఆవు ఎప్పుడు వట్టిపోతుందో చూడి లెక్క ప్రకారం ముందే క్యాలెండరు మీద రాసుకుంటే డాక్టర్ని ఆ రోజుకి పిలవడం తేలిక.